ఇంగ్లిష్‌లో రాత మెరుగుపడాలంటే: బెంగళూరులో పనిచేసే తెలుగువాళ్లకు సమగ్ర మార్గదర్శి

మారతహళ్లిలోనో బీటీఎం లేఅవుట్‌లోనో నాలుగు వీధులు తిరిగితే స్పోకెన్ ఇంగ్లిష్ బోర్డులు చాలానే కనిపిస్తాయి. రాయడం నేర్పుతామనే బోర్డు అరుదు. ఆఫీసులో పని నడిచేదేమో ఎక్కువగా రాతమీదే. క్లయింట్‌కు మెయిల్, టీమ్‌కు మెసేజ్, జీరాలో టికెట్, డిజైన్ డాక్యుమెంట్, ఏడాది చివర అప్రైజల్ ఫారం, అన్నీ రాతే. మీటింగ్‌లో తడబడితే ఎదుటివాళ్లు మన మొహం చూసి అర్థం చేసుకుంటారు, అర్థం కాకపోతే అడుగుతారు. రాతకు ఆ వెసులుబాటు లేదు. మీరు పక్కన లేనప్పుడు చదువుతారు, చదివి మీమీద ఒక అభిప్రాయానికి వచ్చేస్తారు.

ఇంగ్లిష్ చదివితే అర్థమవుతుంది, మాట్లాడితే ఎలాగో నెట్టుకొస్తాం, నాలుగు లైన్లు రాయమంటే మాత్రం టెన్షన్ అనేవాళ్ల కోసం ఇది. తెలుగు మీడియంలో చదివినవాళ్లూ, పేరుకు ఇంగ్లిష్ మీడియమైనా పాఠాలు తెలుగులోనే విన్నవాళ్లూ ఇందులో ఉన్నారు.

నేను ఇక్కడ విమానాల మెయింటెనెన్స్ మాన్యువళ్లు ఎడిట్ చేసే పనిలో ఉన్నాను. తెలుగు, కన్నడ, తమిళ, మలయాళం మాతృభాషగా ఉన్నవాళ్లు రాసిన ఇంగ్లిష్‌ను రోజూ దిద్దుతాను. ఈ పనిలో నాకు బలపడిన నమ్మకం ఒకటుంది. మన తప్పులు ఎక్కడపడితే అక్కడ రావు. మన తెలుగు వాక్యం ఎక్కడ అడుగున ఉందో అక్కడే వస్తాయి. అందుకే గ్రామర్ పుస్తకం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టడం కన్నా, రోజుకు పది కొత్త మాటలు బట్టీ పట్టడం కన్నా, మనం ఇప్పటికే రాసినవాటిని తిరగరాయడం వల్ల రాత త్వరగా బాగుపడుతుంది. కింది మెట్లన్నీ ఆ నమ్మకం మీదే కట్టినవి.

మొదటి మెట్టు: మీ సెంట్ ఫోల్డర్ తెరవండి

ఈమధ్య మీరు పంపిన మెయిళ్లలో నాలుగు లైన్లకు మించినవి ఓ ఇరవై ఏరండి. క్లయింట్ పేర్లు, కంపెనీ వివరాలు తీసేసి ఒక డాక్యుమెంట్‌లో పెట్టుకోండి. వెంటనే దిద్దకండి. ముందు చదివి, అనుమానం వచ్చిన ప్రతి చోటా గీత గీయండి. తర్వాత ఆ గీతలను రకాలుగా విడదీయండి: ఎ, ద లాంటి ఆర్టికల్స్ పోయినవి, కాలం తప్పినవి, ఇన్, ఆన్, టు లాంటి చిన్న మాటలు తారుమారైనవి, వాక్యం మరీ పొడుగైనవి, ఎవరు చేశారో తెలియకుండా పోయినవి.

చాలామందికి ఇందులో రెండు మూడు రకాలే ఎక్కువ భాగం ఆక్రమిస్తాయి. అవి తెలిశాక సగం బెంగ తీరిపోతుంది. ఒక నోట్‌బుక్‌లో మూడు గడులు గీసి, తప్పు వాక్యం, సరైన వాక్యం, అలా ఎందుకు రాశారో తెలుగులో ఒక ముక్క రాసుకోండి. ఆ మూడో గడి వదిలేయకండి, అసలు నేర్చుకోవడం అక్కడే జరుగుతుంది. ఒక్కో రకాన్ని రెండు వారాలు పట్టుకోండి. అన్నీ ఒకేసారి దిద్దుకోవాలని చూస్తే ఏదీ నిలవదు.

రెండో మెట్టు: అసలు విషయం మొదటి లైన్‌లో పెట్టండి

ఒక్క మెట్టుకే టైముందంటే దీనికే ఇవ్వండి. గ్రామర్ తప్పులున్నా ఈ ఒక్కటి సరిగ్గా ఉంటే మెయిల్ పని చేస్తుంది.

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. మన మాటతీరు కూడా చాలావరకు అదే దారి. ముందు సందర్భం, తర్వాత కారణాలు, ఆఖర్న అసలు కబురు. "నిన్న కాల్‌లో అనుకున్నట్టు లాగ్స్ చూశామండీ, పేమెంట్ మాడ్యూల్‌లో మూడ్రోజుల నుంచి ఏదో ఇష్యూ వస్తోంది, టీమ్ దాని మీదే ఉంది, అందుకని శుక్రవారం రిలీజ్ కుదరకపోవచ్చు." తెలుగులో ఇది మర్యాదగా, నిండుగా ఉన్న మాట. ఇదే వరసలో ఇంగ్లిష్‌లోకి దించితే ఇలా తయారవుతుంది:

"డియర్ సర్, ఆజ్ డిస్కస్డ్ ఇన్ యెస్టర్‌డేస్ కాల్, వుయ్ హావ్ చెక్డ్ ద లాగ్స్ అండ్ సమ్ ఇష్యూ ఈజ్ కమింగ్ ఇన్ పేమెంట్ మాడ్యూల్ సిన్స్ త్రీ డేస్ అండ్ టీమ్ ఈజ్ వర్కింగ్ ఆన్ ద సేమ్, సో రిలీజ్ మే నాట్ బీ పాసిబుల్ ఆన్ ఫ్రైడే, కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్."

దీన్ని అవతలివాళ్లు ఫోన్‌లో చూస్తారు. ప్రివ్యూలో వాళ్లకు కనపడేది "డియర్ సర్, ఆజ్ డిస్కస్డ్" వరకే. మెయిల్ తెరిచినా శుక్రవారం రిలీజ్ లేదన్న కబురు అందేసరికి చివరికి రావాలి. వచ్చాక కూడా వాళ్లేం చేయాలో తెలియదు. "నీడ్‌ఫుల్" అంటే ఏమిటి, ఎవరు, ఎప్పటిలోగా? ఇదే మెయిల్‌ను తిరగేసి రాద్దాం:

"వుయ్ నీడ్ టు మూవ్ ద రిలీజ్ ఫ్రమ్ ఫ్రైడే టు ట్యూస్‌డే. ద పేమెంట్ మాడ్యూల్ హాజ్ బీన్ ఫెయిలింగ్ ఫర్ త్రీ డేస్. వుయ్ ఫౌండ్ ద కాజ్ దిస్ మార్నింగ్, అండ్ వుయ్ నీడ్ టూ వర్కింగ్ డేస్ టు టెస్ట్ ద ఫిక్స్. ప్లీజ్ టెల్ మీ బై 5 పీఎమ్ టుడే ఇఫ్ ట్యూస్‌డే వర్క్స్ ఫర్ యూ."

ఇందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు, ఇవన్నీ మీకు తెలిసినవే. మారింది వరసే. మొదటి వాక్యంలో నిర్ణయం, తర్వాత కారణం, తర్వాత మనం చేస్తున్నది, ఆఖరున వాళ్లు చేయాల్సింది, గడువుతో సహా. "సమ్ ఇష్యూ" పోయి ఏమైందో వచ్చింది. "మే నాట్ బీ పాసిబుల్" పోయి తేదీ వచ్చింది. మెయిల్ తెలుగు వరసలోనే మనసులోకి వస్తుంది, రానివ్వండి, అలాగే రాయండి. రాశాక ఆఖరి వాక్యాన్ని కట్ చేసి పైన పేస్ట్ చేయండి. పదిలో ఏడెనిమిదిసార్లు ఆ ఒక్క పనితో మెయిల్ నిలబడుతుంది.

సబ్జెక్ట్ లైన్‌కూ ఇదే సూత్రం. "రిగార్డింగ్ రిలీజ్" అంటే ఏమీ చెప్పనట్టే. "రిలీజ్: రిక్వెస్ట్ టు మూవ్ టు ట్యూస్‌డే" అంటే మెయిల్ తెరవకుండానే సంగతి తెలుస్తుంది.

ఒకచోట మాత్రం మన తెలుగు వరసే మేలు. ఎవరి దరఖాస్తునో కాదనాల్సి వచ్చినప్పుడు, ఒకరి కష్టం గురించి రాయాల్సి వచ్చినప్పుడు, కబురును మొదటి లైన్‌లోనే మొహం మీద కొట్టినట్టు పెట్టకండి. రెండు ముక్కల సందర్భం చెప్పి అప్పుడు చెప్పండి.

మూడో మెట్టు: పొడుగు వాక్యాన్ని విరవండి

"లాగ్స్ చూసి, తప్పు పట్టుకుని, ఫిక్స్ చేసి, టెస్ట్ చేసి, నాలుగింటికి డిప్లాయ్ చేశాం." చూసి, పట్టుకుని, చేసి అంటూ క్త్వార్థకాలతో ఎంత పొడుగు వాక్యమైనా తెలుగులో హాయిగా సాగుతుంది. ఇంగ్లిష్‌కు ఆ సదుపాయం లేదు కాబట్టి మనం ప్రతి "చేసి" దగ్గరా "అండ్" పెట్టుకుంటూ పోతాం. అలా పోకుండా విరిచేయండి: "వుయ్ ఫౌండ్ ది ఎర్రర్ ఇన్ ద లాగ్స్ అండ్ ఫిక్స్‌డ్ ఇట్. ద ఫిక్స్ పాస్‌డ్ ఆల్ టెస్ట్స్. వుయ్ డిప్లాయ్డ్ ఇట్ ఎట్ 4 పీఎమ్."

ఎక్కడ విరవాలో తెలియకపోతే మా రంగం నుంచి ఒక కొలత అప్పు తీసుకోండి. విమానాల మాన్యువళ్లకు ఏఎస్‌డీ-ఎస్‌టీఈ100 అనే ప్రమాణం ఉంది, వాడుకలో సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లిష్ అంటారు. మాన్యువల్ చదివి విమానం బాగుచేసే మెకానిక్‌లలో చాలామందికి ఇంగ్లిష్ మాతృభాష కాదు. వాక్యం తప్పుగా అర్థమైతే ప్రాణాలమీదికి వస్తుంది. అందుకని 1980లలో యూరప్ విమాన పరిశ్రమ దీన్ని తయారుచేసుకుంది. దీని ప్రకారం పని చెప్పే వాక్యం 20 మాటలు దాటకూడదు, వివరించే వాక్యం 25 దాటకూడదు. ఒక వాక్యంలో ఒక్క పనే చెప్పాలి. అనుమతించిన సాధారణ మాటలు సుమారు 900 మాత్రమే, ఒక్కో మాటకు సాధారణంగా ఒక్కటే అర్థం. విమానాలు తయారుచేసే హాల్ (హెచ్ఏఎల్) కంపెనీ 1940లో పుట్టిన ఊరు కాబట్టి బెంగళూరులో ఈ పద్ధతి తెలిసినవాళ్లు మీ పక్క క్యూబికల్‌లోనే ఉండొచ్చు, అడిగి చూడండి.

మెయిళ్లకు ఇంత కట్టడి అక్కర్లేదు. 20 మాటలు దాటిన వాక్యాన్ని మాత్రం ఒకసారి అనుమానించండి. చిన్న వాక్యాలు రాస్తే చిన్నపిల్లల ఇంగ్లిష్‌లా ఉంటుందేమోనని చాలామందికి సంకోచం. ఆ సంకోచం పెట్టుకోకండి. ప్రభుత్వ పత్రాలు జనానికి అర్థమయ్యే ఇంగ్లిష్‌లో ఉండాలని అమెరికా 2010లో చట్టమే చేసింది. 2023లో ఐఎస్ఓ కూడా సాదా భాషకు ఒక అంతర్జాతీయ ప్రమాణం విడుదల చేసింది. పైగా మీ మెయిల్ చదివేది ఎవరు? కన్నడం మాట్లాడే టీమ్ లీడ్, హిందీ మాట్లాడే మేనేజర్, జర్మనీలోనో జపాన్‌లోనో ఉన్న క్లయింట్. వాళ్లలో ఎక్కువమందికి ఇంగ్లిష్ మనలాగే నేర్చుకున్న భాష.

విరిచేటప్పుడు కర్త పోకుండా చూసుకోండి. తెలుగులో "చూశాను" అంటే నేనని క్రియలోనే తెలిసిపోతుంది. ఆ అలవాటుతో "చెక్డ్ అండ్ ఫౌండ్ ఓకే, విల్ అప్‌డేట్" అని రాస్తాం. ఎవరు చూశారు, ఎవరు అప్‌డేట్ చేస్తారు? "ఐ" లేదా "వుయ్" పెట్టండి.

నాలుగో మెట్టు: ఎ, ఆన్ (an), ద

మనవాళ్లను ఎక్కువ వేధించేది ఇదే. తెలుగులో ఆర్టికల్స్ లేవు, కాబట్టి లేనిదాన్ని చెవి పట్టుకోదు. సూత్రాలు కంఠతా పట్టినా రాసేటప్పుడు గుర్తుకు రావు. మన భాషలోనే ఉన్న కొన్ని గుర్తులను వాడుకోవడం తేలిక.

"ఒక బగ్ వచ్చింది, ఆ బగ్ వల్ల లాగిన్ పేజీ ఆగిపోయింది" అంటాం కదా. చదివేవాళ్లకు కొత్తగా పరిచయం చేసేది "ఒక", అంటే "ఎ". ఇదివరకే తెలిసినది "ఆ", అంటే "ద". "వుయ్ ఫౌండ్ ఎ బగ్. ద బగ్ అఫెక్ట్స్ ద లాగిన్ పేజ్." లాగిన్ పేజీ మొదటిసారే వచ్చినా "ద" ఎందుకంటే, ఆ యాప్‌కు లాగిన్ పేజీ ఒకటే, ఏదో చదివేవాళ్లకు తెలుసు. ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఏది అని చదివేవాళ్లు అడగాల్సి వస్తుందా? రాదనుకుంటే "ద".

ఇంకో గుర్తు ఉంది, దీన్ని మనం గమనించం. "ఫైల్ పంపాను" అనీ అంటాం, "ఫైల్‌ని పంపాను" అనీ అంటాం. ప్రాణంలేని వస్తువుకు "ని" తగిలించామంటే, పక్కన "ఒక" లేకపోతే, చాలాసార్లు మన మనసులో ఫలానా ఫైల్ ఉన్నట్టే. అక్కడ ఇంగ్లిష్‌లో "ద" పడుతుంది. "ని" లేనిచోట రెండూ కుదరొచ్చు, అప్పుడు పై ప్రశ్న వేసుకోండి.

ఒకటికి మించినవాటి గురించి, లెక్కపెట్టలేనివాటి గురించి మామూలుగా మాట్లాడుతుంటే ఏదీ పెట్టక్కర్లేదు: "కస్టమర్స్ వాంట్ ఫాస్ట్ రిఫండ్స్." ఫలానా కస్టమర్లే అయితే మళ్లీ "ద" వస్తుంది: "ద కస్టమర్స్ హూ పెయిడ్ ఆన్ మండే."

"ఎ"నా "ఆన్"నా అన్న తికమకకు మన లిపే మందు. ఆ మాటను తెలుగులో రాసి చూడండి. అచ్చుతో మొదలైతే "ఆన్", హల్లుతో మొదలైతే "ఎ". అవర్ అని రాస్తే ముందున్నది అ, కాబట్టి "ఆన్ అవర్". యూనివర్సిటీలో ముందున్నది య, కాబట్టి "ఎ యూనివర్సిటీ". అలాగే "ఎ యూపీఐ పేమెంట్", "ఆన్ ఎఫ్ఐఆర్", "ఆన్ ఎంబీఏ", "ఎ వన్‌డే ట్రిప్". ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూస్తే కంగారు పుడుతుంది, తెలుగు అక్షరం చూస్తే పుట్టదు. నియమం ధ్వనిని బట్టి నడుస్తుంది, తెలుగు లిపి ధ్వనినే రాస్తుంది.

ఆర్టికల్స్‌లో నూటికి నూరు సరిగ్గా రాయాలని పట్టుబట్టకండి. చాలా ఏళ్లుగా ఇంగ్లిష్‌లోనే రాస్తున్న పరభాషీయులకు కూడా చివరిదాకా మిగిలే తప్పులివే. అర్థం చెడకుండా, చదవడానికి అడ్డం పడకుండా ఉంటే చాలు.

ఐదో మెట్టు: కాలాలు

పన్నెండు కాలాల పట్టిక అక్కర్లేదు. తెలుగువాళ్లు జారేది ముఖ్యంగా నాలుగు చోట్ల.

"నాకు రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ ఉంది" అన్నది "ఐ యామ్ హావింగ్ టూ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్" అవుతుంది. ఉండటం, తెలియడం, అర్థం కావడం, కావాల్సి రావడం, ఇవి జరుగుతున్న పనులు కావు, ఉన్న స్థితులు. వీటికి సాధారణంగా "ఇంగ్" చేర్చం: "ఐ హావ్ టూ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్", "ఐ డోంట్ అండర్‌స్టాండ్ స్టెప్ 3".

"మూడేళ్ల నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను" అన్నది "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్" అవుతుంది. మన "నుంచి" రెండు పనులు చేస్తుంది. మొదలైన క్షణం చెబితే "సిన్స్", గడిచిన కాలం చెబితే "ఫర్". "ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్", లేదా "సిన్స్ 2022". ఇక్కడ "హావ్ బీన్" తప్పదు.

"నిన్న మెయిల్ పంపాను" అన్నది "ఐ హావ్ సెంట్ ద మెయిల్ యెస్టర్‌డే" అవుతుంది. గడిచిపోయిన ఫలానా సమయం చెప్పారంటే "హావ్" తీసేయండి: "ఐ సెంట్ ద మెయిల్ యెస్టర్‌డే." ఎప్పుడో చెప్పకపోతే "ఐ హావ్ సెంట్ ద మెయిల్" బాగానే ఉంటుంది.

నాలుగోది "డిడ్ నాట్ రిసీవ్డ్". "డిడ్"లోనే గతం వచ్చేసింది, తర్వాత క్రియ మూలరూపంలో ఉండాలి: "డిడ్ నాట్ రిసీవ్".

ఆరో మెట్టు: గబగబా దిద్దుకోదగ్గవి

"నిన్ననే పంపాను" అన్న ఒత్తు "ఐ సెంట్ ఇట్ యెస్టర్‌డే ఓన్లీ" అని దిగుతుంది. రాసేటప్పుడు ఆ "ఓన్లీ" తీసేయండి, తేదీయే ఒత్తు ఇస్తుంది. "అతనికి చెప్పాను"లోని "కి" వల్ల "టోల్డ్ టు హిమ్", "కాల్డ్ టు హిమ్" అంటాం. "టోల్డ్ హిమ్", "కాల్డ్ హిమ్" చాలు. "డిస్కస్ అబౌట్" బదులు "డిస్కస్". "ఆల్దో" పెట్టిన వాక్యంలో మళ్లీ "బట్" వద్దు. ఫీడ్‌బ్యాక్, ఇన్ఫర్మేషన్, సాఫ్ట్‌వేర్, ఎక్విప్‌మెంట్, అడ్వైస్ అన్నవాటికి చివర "స్" చేర్చకూడదు. "కెన్ యూ టెల్ మీ వెన్ ఈజ్ ద రిలీజ్" అన్నప్పుడు లోపలి ప్రశ్న మామూలు వాక్యంలా మారాలి: "వెన్ ద రిలీజ్ ఈజ్".

ఏ మాటకు "స్" చేర్చొచ్చు, ఏ మాట తర్వాత "టు" వస్తుంది అన్నవి ఊహించకండి. నేర్చుకునేవాళ్ల కోసమే తయారైన ఇంగ్లిష్-ఇంగ్లిష్ నిఘంటువులు ఆక్స్‌ఫర్డ్‌వి, కేంబ్రిడ్జ్‌వి నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. వాటిలో ప్రతి నామవాచకం పక్కన లెక్కపెట్టదగ్గదా కాదా అని గుర్తు ఉంటుంది, వాడిన వాక్యాలూ ఉంటాయి. మాట అర్థం తెలిసినా ఆ వాక్యాల కోసం తెరవండి.

ఏడో మెట్టు: మర్యాద ఎక్కడ ఉంటుందో చూడండి

తెలుగులో "గారు", "అండీ", "మీరు", క్రియ చివర "ండి", ఇన్ని చోట్ల గౌరవం చూపిస్తాం. ఇంగ్లిష్‌లోకి రాగానే చేతులు కట్టేసినట్టవుతుంది. దాంతో "రెస్పెక్టెడ్ సర్", "ఐ హంబ్లీ రిక్వెస్ట్ యువర్ గుడ్ సెల్ఫ్" అంటూ బరువు పెంచేస్తాం. లేదంటే ఇటువైపు జారి "యూ హావ్ టు సెండ్ ద ఫైల్ టుడే" అంటాం. "మీరు ఇవాళ ఫైల్ పంపాలండీ" అనేటప్పుడు తెలుగులో ఉన్న మెత్తదనం ఆ వాక్యంలో లేదు. చదివేవాళ్లకు హుకుం జారీ చేసినట్టుంటుంది.

ఇంగ్లిష్ మెయిల్‌లో మర్యాద మూడు చోట్ల ఉంటుంది. ఒకటి "కుడ్ యూ" లాంటి అడిగే తీరు. రెండు, ఎందుకు అడుగుతున్నామో చెప్పే కారణం. మూడు, ఎదుటివాళ్ల టైముకు విలువిచ్చి మెయిల్ చిన్నగా రాయడం. "కుడ్ యూ సెండ్ ద ఫైల్ బై 4 పీఎమ్? ద టెస్ట్ టీమ్ స్టార్ట్స్ ఎట్ 5." ఇందులో "కైండ్లీ" లేదు, "రిక్వెస్ట్" లేదు, మర్యాద మాత్రం నిండుగా ఉంది. ప్రభుత్వ ఆఫీసుకు అర్జీ రాస్తున్నప్పుడు పాత పద్ధతి పిలుపులు వాడుకోండి, అక్కడ అదే రివాజు.

ఆఫీసు బయట కూడా ఇది అక్కరకొస్తుంది. ఇల్లు ఖాళీ చేశాక అడ్వాన్స్ తిరిగి రాకపోతే ఓనర్‌కు రాయాల్సిందీ ఇంగ్లిష్‌లోనే, మనకు కన్నడం రాకపోతే. కోపంతో రాసిన పేజీ కంటే ఐదు వాక్యాలు బలంగా పనిచేస్తాయి. ఎప్పుడు ఖాళీ చేశారు, ఎంత ఇచ్చారు, ఒప్పందంలో ఏముంది, ఏ తేదీలోగా కావాలి, ఏ అకౌంట్‌కు పంపాలి. "ఎందుకిలా చేస్తున్నారు" లాంటివి మొదటి మెయిల్‌లో వద్దు. అవసరమైతే రేపు ఇదే మెయిల్ సాక్ష్యమవుతుంది.

ఎనిమిదో మెట్టు: చదివి, మూసి, మళ్లీ రాయండి

ఇంగ్లిష్ బాగుపడాలంటే పేపర్లో ఎడిటోరియల్ చదవమని మనకు చిన్నప్పటినుంచి చెబుతారు. నా ఉద్దేశంలో మొదట చదవాల్సింది మొదటి పేజీ వార్త. ఎడిటోరియల్‌లో వాదన ఉంటుంది, అలంకారం ఉంటుంది, అవి మన ఆఫీసు రాతకు పెద్దగా పనికిరావు. వార్తలో మొదటి వాక్యంలోనే ఏం జరిగింది, ఎక్కడ, ఎప్పుడు అన్నీ ఉంటాయి. రెండో మెట్టులో మనం నేర్చుకోవాలనుకున్నది అదే.

చదివి ఊరుకుంటే చేతికి అలవాటు రాదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రతనంలో బోస్టన్‌లో అన్నగారి ప్రెస్‌లో అప్రెంటిస్‌గా ఉన్నప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాడు. లండన్ పత్రిక స్పెక్టేటర్‌లోని వ్యాసం చదివి, ఒక్కో వాక్యంలోని భావాన్ని క్లుప్తంగా నోట్ చేసుకునేవాడు. కొన్నాళ్లు పక్కనపెట్టి, ఆ నోట్స్ నుంచి వ్యాసాన్ని సొంత మాటల్లో తిరిగి రాసేవాడు. తర్వాత అసలుతో పోల్చి తప్పులు దిద్దుకునేవాడు. ఇంగ్లిష్ మాతృభాషైన మనిషే ఇంత చేశాడు.

మనకు ఇంకో మంచి అవకాశం ఉంది, రెండు భాషల పేపర్లూ మన చేతిలోనే ఉన్నాయి. లాల్‌బాగ్ ఫ్లవర్ షో మొదలైన రోజో, వానకు ఔటర్ రింగ్ రోడ్ నిలిచిపోయిన రోజో, ఈనాడులోనో సాక్షిలోనో ఆ వార్త తెలుగులో చదవండి. దాన్ని ఆరు వాక్యాల ఇంగ్లిష్‌లో రాయండి. అప్పుడు డెక్కన్ హెరాల్డ్‌లో అదే సంగతి ఎలా రాశారో చూడండి. సంగతి ముందే తెలుసు కాబట్టి మీ దృష్టంతా వాక్యం మీదే ఉంటుంది. వాళ్ల ఆర్టికల్స్ ఎక్కడ పడ్డాయి, మొదటి వాక్యంలో ఏం పెట్టారు, మీరు మూడు వాక్యాల్లో చెప్పింది వాళ్లు ఒక్కదాంట్లో ఎలా చెప్పారు, గీతలు గీసుకోండి. వారానికి రెండుసార్లు చాలు. వైట్‌ఫీల్డ్ నుంచి ఎంజీ రోడ్‌కు మెట్రోలో వెళ్లేవాళ్లకు చదివే భాగం దారిలోనే అయిపోతుంది.

పుస్తకాలకు చర్చ్ స్ట్రీట్ ఉంది, బ్లాసమ్‌లోనూ బుక్‌వర్మ్‌లోనూ పాతవి చౌకగా దొరుకుతాయి. పెద్ద నవలలకన్నా వ్యాసాలు, యాత్రలు, మీ రంగం గురించి మామూలు జనం కోసం రాసినవి ఎంచుకోండి. ఒంటరిగా చదవలేమనుకుంటే కబ్బన్ పార్కులో శనివారాలు నిశ్శబ్దంగా కూర్చుని చదువుకునే కబ్బన్ రీడ్స్ అనే బృందం ఉంది.

తొమ్మిదో మెట్టు: పంపే ముందు

జీమెయిల్ సెట్టింగ్స్‌లో అన్‌డూ సెండ్‌ను 30 సెకన్లకు పెంచుకోండి. క్లాసిక్ అవుట్‌లుక్‌లో రూల్ పెట్టి మెయిల్‌ను కొన్ని నిమిషాలు ఆపి పంపొచ్చు. సెండ్ నొక్కాకే తప్పు కనపడుతుందన్నది అందరికీ అనుభవమే.

ముఖ్యమైన డాక్యుమెంట్ అయితే వర్డ్‌లో రీడ్ ఎలౌడ్ నొక్కి వినండి. కంటికి కనపడని "ద" లోపం చెవికి తెలుస్తుంది, మనం ఉందనుకుని చదివేస్తాం, మెషిన్ ఉన్నదే చదువుతుంది.

తేదీలు, అంకెల దగ్గర ప్రత్యేకంగా ఆగండి. 05/06 అంటే మనకు జూన్ 5, అమెరికావాళ్లకు మే 6. నెల పేరు అక్షరాల్లో రాయండి. లక్షలు, కోట్లు బయటి దేశాలవాళ్లలో చాలామందికి తెలియవు. 10 లక్షలంటే ఒక మిలియన్, కోటి అంటే 10 మిలియన్లు, కామాలు పడే చోటు కూడా వేరు. "ఈవెనింగ్ కల్లా" అనకుండా గంట, టైమ్ జోన్ చెప్పండి. ఐఎస్‌టీ అంటే ఐర్లండ్, ఇజ్రాయెల్ వాళ్లకు వాళ్ల టైమే గుర్తొస్తుంది, కాబట్టి "ఇండియా టైమ్" అని రాయడం మేలు. స్పెల్లింగ్ బ్రిటిష్ అయినా అమెరికన్ అయినా ఒక డాక్యుమెంట్‌లో ఒకటే ఉండాలి.

పదో మెట్టు: ఏఐ టూల్స్, తోడు మనిషి

ఛాట్‌జీపీటీ, గ్రామర్లీ లాంటివి వాడొద్దని నేననను. వాడే వరస ముఖ్యం. ముందు మీరు రాయండి. తర్వాత "తిరగరాయకు, తప్పులు మాత్రం చూపించి కారణం చెప్పు" అని అడగండి. తెలుగులోనే అడగొచ్చు, కారణం తెలుగులోనే చెప్పమనొచ్చు. ఆ తప్పును మీ నోట్‌బుక్‌లో ఎక్కించి, వాక్యాన్ని మీరే దిద్దండి. మొత్తం మెయిల్ దానితో రాయిస్తే ఇవాళ్టి పని అవుతుంది, మీ చెయ్యి మాత్రం నిన్నటి దగ్గరే ఉంటుంది. రేపు మీటింగ్‌లో చాట్ బాక్స్‌లో అప్పటికప్పుడు రాయాల్సినప్పుడు అది తెలిసిపోతుంది. కంపెనీ సమాచారం, క్లయింట్ పేర్లు, కోడ్ అనుమతిలేని టూల్స్‌లో పేస్ట్ చేయకండి, ఉద్యోగానికే ముప్పు.

ఐఈఎల్‌టీఎస్ కోసం సిద్ధమవుతున్నవాళ్లకు ఒక మాట. రైటింగ్‌లో మొదటి టాస్క్‌కు కనీసం 150 మాటలు, రెండోదానికి 250, మొత్తం గంట. మార్కులు నాలుగు అంశాలకు సమానంగా పడతాయి: అడిగినదానికి జవాబిచ్చామా, పొందిక, పదజాలం, వ్యాకరణం. అందులో వ్యాకరణం పావు వంతే. ప్రశ్న సరిగ్గా చదవకుండా అందమైన వాక్యాలు రాస్తే మార్కులు రావు. రెండో టాస్క్‌కు ఎక్కువ బరువు, కాబట్టి 40 నిమిషాలు దానికే ఉంచుకోండి.

వీలైతే ఇంకో మనిషిని జత చేసుకోండి. పీజీలో రూమ్‌మేట్ అయినా, ఆఫీసులో లంచ్‌కు కలిసి వెళ్లే స్నేహితులైనా సరే. వారానికి ఒకసారి ఒక మెయిల్ మార్చుకుని దిద్దుకోండి. దిద్దేవాళ్లు సరైన వాక్యం రాసివ్వకూడదు. తప్పున్న చోట కింద గీత గీసి, అర్థం కాని చోట ప్రశ్న గుర్తు పెట్టి తిరిగి ఇచ్చేయాలి, అంతే. దిద్దుకోవడం రాసినవాళ్ల పని. ఎక్కువ గీతలు ఏ రకం తప్పుల కింద పడ్డాయో చూసి, వచ్చే రెండు వారాలు ఆ రకాన్నే పట్టుకోండి.